బతుకుతెరువు కోసం ఆఫ్రికా దాటినవాడు: కజిమియెష్ నోవాక్

1936 శరత్కాలంలో జెనీవాలోని నానాజాతి సమితి వేదిక మీద పోలండ్ తన కోరికను బయటపెట్టింది. తమ దేశంలో జనం ఎక్కువ, ముడిసరుకులు తక్కువ కాబట్టి వలస రాజ్యాల పంపకంలో తమకూ వాటా ఉండాలని అడిగింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక పోలండ్ వాసి సహారా ఎడారిని దాటుతూ ఉత్తర తీరానికి వస్తున్నాడు. ఐదేళ్లుగా అతను ఆఫ్రికాలోనే ఉన్నాడు. ఆ ఖండాన్ని ఉత్తరం నుంచి దక్షిణానికి ఒకసారి, దక్షిణం నుంచి ఉత్తరానికి మరోసారి నిలువునా దాటాడు. వలస పాలన నడిచే తీరు కాగితాల మీద కాకుండా రోడ్డు మీద చూసిన పోలండ్ వాసులు అప్పట్లో బహు తక్కువ. తన దేశం ఏం కోరుకుంటోందో ఆ కోరిక వినిపించిన దౌత్యవేత్తల కంటే అతనికే ఎక్కువ తెలుసు.

అతని పేరు కజిమియెష్ నోవాక్. సైకిలు మీద, గుర్రం మీద, పడవలో, ఒంటె మీద, అవేవీ లేనప్పుడు కాలినడకన అతను తిరిగిన దూరం దాదాపు 40,000 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత కూడా ఇంచుమించు అంతే. ఈ అంకె వల్లనే పోలండ్‌లో నేడు అతన్ని ఎదురులేని సాహసిగా కీర్తిస్తున్నారు. కీర్తించడంలో తప్పు లేదు కానీ, ఆ కీర్తనలో ఒక ముఖ్యమైన సంగతి మరుగున పడిపోతోంది. నోవాక్ ఆఫ్రికాకు వెళ్లింది రికార్డు కోసం కాదు, ఖాళీ సమయం ఉండీ కాదు. ఇంట్లో భార్యను, ఇద్దరు పిల్లలను పోషించడానికి వెళ్లాడు. డబ్బు లేకపోవడమే అతని దారినీ వేగాన్నీ నిర్ణయించింది. ప్రపంచాన్ని అతను ఏ ఎత్తు నుంచి చూడాలో కూడా అదే నిర్ణయించింది.

నోవాక్ 1897 జనవరి 11న స్త్రియ్ పట్టణంలో పుట్టాడు. ఇప్పుడది పశ్చిమ ఉక్రెయిన్‌లో ఉంది. అప్పట్లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. అతను పుట్టేనాటికి పోలండ్ అనే దేశం పటంలో లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా దాన్ని మూడు విడతల్లో పంచుకున్నాయి. 1795లో చివరి ముక్క కూడా పోయింది. 1918లో దేశం తిరిగి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత నోవాక్ పడమటి నగరమైన పోజ్నాన్ వైపు వచ్చి ఒక బీమా సంస్థలో గుమాస్తాగా చేరాడు. పెళ్లయింది, పిల్లలు పుట్టారు. దేశం కొత్తదే కానీ ఖజానా మాత్రం ఖాళీ. 1923లో ధరలు పట్టపగ్గాలు లేకుండా పెరిగాయి. 1924లో పాత కరెన్సీని రద్దు చేసి జ్లోటీని తెచ్చారు. ఆ వెనుకే నిరుద్యోగం వచ్చిపడింది. 1925లో నోవాక్ కెమెరా మెడలో వేసుకుని, సైకిలెక్కి, విదేశాల నుంచి పత్రికలకు ఫొటోలు, కథనాలు పంపి బతుకుదామని బయలుదేరాడు. హంగరీ, ఆస్ట్రియా, ఇటలీ, గ్రీసు, టర్కీల మీదుగా సాగిన ఆ తిరుగుడు 1928లో ట్రిపోలీ వరకు చేరింది. అక్కడితో డబ్బు అయిపోయింది.

కుటుంబాన్ని పోషించడానికి సైకిలెక్కి దేశాంతరం పోవడం ఇప్పుడు విడ్డూరంగా అనిపించవచ్చు. ఆ కాలానికి అందులో లెక్క ఉంది. రెండు యుద్ధాల మధ్య యూరప్‌లో సచిత్ర వారపత్రికలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. ఫొటోలను పెద్ద సంఖ్యలో, చవకగా అచ్చువేసే పద్ధతులు అందుబాటులోకి వచ్చాయి. క్రాకోవ్‌లోని ఒక ప్రచురణ సంస్థ దినపత్రికతోపాటు బొమ్మల వారపత్రికలను కూడా నడిపేది. పోజ్నాన్‌లో కేథలిక్ పాఠకుల కోసం వేరే వారపత్రిక ఉండేది. వీటన్నింటికీ ప్రతి వారం కొత్త బొమ్మలు కావాలి. దూరదేశానికి సొంతంగా మనిషిని పంపే స్తోమత మాత్రం చాలా పత్రికలకు లేదు. జీతం, భత్యం, టిక్కెట్టు ఏదీ అడగకుండా అచ్చయిన దానికి మాత్రమే డబ్బు తీసుకునే మనిషి దొరికితే సంపాదకులకు అంతకన్నా ఏం కావాలి? నష్టభయమంతా అతనిదే. మన పత్రికల్లో లైను లెక్కన డబ్బు తీసుకునే గ్రామీణ విలేకరుల పరిస్థితి తెలిసినవారికి ఈ ఏర్పాటు గురించి విడమరచి చెప్పనక్కరలేదు.

1931 నవంబరు 4న నోవాక్ పోజ్నాన్ స్టేషన్‌లో రైలెక్కాడు. సైకిలు వెంట ఉంది. రోమ్ వరకు రైలు, ఆ తర్వాత ఓడ, ఆఫ్రికా గడ్డ మీద కాలు పెట్టాక సైకిలు. సైకిలును ఎంచుకోవడానికి పెద్ద తాత్విక కారణమేమీ లేదు. దానికి పెట్రోలు అక్కర్లేదు, గడ్డి అక్కర్లేదు, టిక్కెట్టు అక్కర్లేదు.

అతను దిగిన లిబియా అప్పుడెలా ఉందో గమనించాలి. ఇటలీ ఆక్రమణను ఇరవై ఏళ్లు ఎదిరించిన ఒమర్ ముఖ్తార్‌ను 1931 సెప్టెంబరు 16న, అంటే నోవాక్ రాకకు రెండు నెలల ముందు, ఉరితీశారు. తూర్పు ప్రాంతపు సంచార తెగలను వేల సంఖ్యలో ముళ్లకంచెల శిబిరాల్లోకి తోలారు. ఈజిప్టు సరిహద్దు పొడవునా ఇనుప కంచె వేశారు. అదే సంవత్సరం జనవరిలో కుఫ్రా ఒయాసిస్సును పట్టుకున్నారు. సరిగ్గా అలాంటి సమయంలో కెమెరా, సైకిలు వేసుకుని వచ్చిన విదేశీయుడు అధికారులకు అనుమానాస్పదుడు కాక ఏమవుతాడు? పోలండ్‌లో పాఠకులు ఒంటెలు, ఖర్జూర చెట్లు, ఎడారి సూర్యాస్తమయాలు ఆశిస్తున్న రోజుల్లో నోవాక్ యాత్ర అప్పుడే అణచివేసిన ఒక తిరుగుబాటు మధ్య మొదలైంది.

అక్కడి నుంచి ఈజిప్టు, నైలు నది వెంబడి సుడాన్, ఆ తర్వాత ఉగాండా, బెల్జియం ఏలుబడిలోని కాంగో, రువాండా, మరింత దక్షిణాన రొడీషియాలు (నేటి జాంబియా, జింబాబ్వే), చివరికి దక్షిణాఫ్రికా. 1934లో ఖండపు దక్షిణ కొస అయిన అగుల్హాస్ అగ్రానికి చేరాడు. దారిలో ఏ దేశంలో ఏ పక్షి కనబడింది, ఏ కొండ ఎక్కాడు వంటి వివరాలు ఇక్కడ అనవసరం. వాటికంటే ఆ ప్రయాణాన్ని నడిపించిన రోజువారీ పనిని చూడటం మేలు.

ఫొటో ఒకటి తీస్తే పని అయిపోదు, అక్కడే మొదలవుతుంది. ఆనాటి ఫిల్ము మీద ఉండే జెలటిన్ పొర వేడికి మెత్తబడుతుంది. కడగడానికి వాడే నీళ్లు దాదాపు 20 డిగ్రీల దగ్గర ఉండాలి. భూమధ్యరేఖ దగ్గర పగటిపూట అలాంటి నీళ్లు దొరకవు. ఎక్కువసేపు ఉంచితే పొర ఉబ్బి, ముడతలు పడి, చివరికి ఊడిపోతుంది. కడగకుండా దాచుకుందామంటే తేమకు బూజు పడుతుంది. అందుకే ఉష్ణ దేశాల్లో తిరిగే ఫొటోగ్రాఫర్లు సాధారణంగా రాత్రి చల్లబడ్డాకే ఫిల్ములు కడిగేవారు. ఎడారిలో అయితే ఆరబెట్టిన నెగటివ్ మీద పడే ఇసుక రేణువు ఒక్కటి చాలు, ముఖం మీద గీత పడటానికి. పగలంతా సైకిలు తొక్కిన మనిషి, రాత్రి ఈ చాకిరీ చేసి, ఆపై కథనం రాసి, దగ్గర్లో ఎక్కడ తపాలా కార్యాలయం ఉంటే అక్కడ కవరు వేయాలి. అది లారీ మీద, రైలులో, ఓడలో వారాల తరబడి ప్రయాణించి యూరప్ చేరుతుంది. సంపాదకుడికి నచ్చితే అచ్చవుతుంది. అచ్చయితే డబ్బు వస్తుంది, అదీ ఎప్పుడో. ఇలాంటి ఏర్పాటులో అతను ఐదేళ్లలో తీసిన ఫొటోలు పది వేల దాకా ఉంటాయని చెబుతారు.

ఈ గొలుసుకు రెండో కొస పోలండ్‌లో భార్య మరియా దగ్గర ఉంది. నోవాక్ ఆమెకు విడవకుండా ఉత్తరాలు రాశాడు. వాటిలో జ్వరం సంగతి ఉంటుంది, పిల్లల మీద బెంగ ఉంటుంది, డబ్బు ప్రస్తావన ఉంటుంది. యాత్రికుల చరిత్రలు సాధారణంగా బయలుదేరినవారి చుట్టూ తిరుగుతాయి. ఈ యాత్రలో మాత్రం ఇంట్లో ఉన్న మనిషిని పక్కన పెడితే లెక్క తేలదు. ఐదేళ్లపాటు ఇద్దరు పిల్లలను పెంచుతూ, ఎప్పుడొస్తుందో తెలియని పారితోషికంతో ఇల్లు గడిపింది ఆమె. సాహసం అనేదానికి కొలమానం ఉంటే అందులో ఆమె వాటా ఎంతో పోలండ్‌లో ఇటీవలి కాలం వరకు ఎవరూ అడిగినట్లు లేదు.

ఇక అసలు విషయం. వలస ఆఫ్రికాలో తెల్లవాడి ప్రయాణానికి ఒక పద్ధతి ఉండేది. అధికారి అయితే మోటారు కారు, కారు పోలేని చోట కూలీలు భుజాన మోసే కుర్చీ పల్లకీ. కాంగోలో ఆ పల్లకీని టిపోయ్ అనేవారు. వెనక సామాన్లు మోసే వరస, వంటవాడు, దుబాసీ. తెల్లదొర ఎవరి సాయమూ లేకుండా, చెమటలు కక్కుతూ, ఇసుకలో సైకిలు తోసుకుంటూ వస్తుంటే ఊరి జనానికి వింత. అధికారులకు అంతకన్నా ఎక్కువ చికాకు. వాళ్ల పాలన నిలబడేది తెల్లవాడు వేరే జాతి మనిషన్న నమ్మకం మీద. పంక్చరైన ట్యూబుకు రోడ్డు పక్కన కూర్చుని అతుకు వేసుకునే తెల్లవాడు ఆ నమ్మకానికి తూట్లు పొడుస్తాడు.

ఇదేదో ఊహించి చెబుతున్న మాట కాదు. దక్షిణాఫ్రికాలో పేద తెల్లవాళ్ల సమస్య మీద కార్నెగీ సంస్థ ఆర్థిక సాయంతో ఒక కమిషన్ పనిచేసి 1932లో ఐదు సంపుటాల నివేదిక ఇచ్చింది. కటిక పేదరికంలో ఉన్న తెల్లవాళ్లు మూడు లక్షల వరకు ఉంటారని అందులో అంచనా వేశారు. వాళ్ల ఆకలి ఆ దేశపు పాలకులను కలవరపెట్టిన మాట నిజమే. నల్లవాళ్ల పక్కన, వాళ్లతో సమానంగా బతికే తెల్లవాళ్లు పెరిగితే జాతి గీత చెరిగిపోతుందన్న భయం అంతకంటే ఎక్కువ కలవరపెట్టింది. ఆ నివేదిక వచ్చిన రెండేళ్లకు జేబులో పెద్దగా ఏమీ లేని నోవాక్ ఆ దేశంలో సైకిలు తొక్కుకుంటూ వెళ్లాడు. తోటి యూరోపియన్ల క్లబ్బుల్లో అతనికి చోటు ఉండదు. ఆఫ్రికన్ల గూడేల్లో రాత్రికి తలదాచుకోవడానికి కాస్త చోటు, తినడానికి ఏదో ఒకటి దొరికేవి.

అతని రాతల్లో వలసపాలకుల మీద కనబడే కోపానికి మూలం ఇక్కడ ఉంది. నల్లవాళ్ల పట్ల తెల్లవాళ్ల ప్రవర్తనను అతను మళ్లీ మళ్లీ ఎండగట్టాడు. నాగరికత నేర్పడానికి వచ్చామనే మాటను నమ్మలేదు. ఆఫ్రికన్ల ఆదరణను, నిజాయితీని మెచ్చుకుంటూ రాశాడు. ఇతను విప్లవకారుడు కాదు, ఏ రాజకీయ సిద్ధాంతమూ తలకెత్తుకున్నవాడు కాదు. బెల్జియన్ కాంగోలో రైతుల చేత నిర్బంధంగా పత్తి పండించే విధానం ఉండేది. తలపన్ను కట్టడానికి డబ్బు కావాలి, డబ్బు కావాలంటే తోటల్లోనో గనుల్లోనో కూలికి పోవాలి. కారులో పోయేవాడికి ఆ పత్తి చేలు పచ్చగా కనబడతాయి. సైకిలు దిగి ఆ ఊళ్లో రాత్రి పడుకునేవాడికి వేరేలా కనబడతాయి. సిద్ధాంతం చదివి కాదు, వేగం తగ్గడం వల్ల తెలిసిన నిజాలవి.

దీన్ని మరీ పెద్దది చేసి చెప్పకూడదు. నోవాక్ తన కాలపు మనిషే. అతని భాషలో, ముఖ్యంగా తెగల గురించి, పిగ్మీల గురించి రాసేటప్పుడు, ఆనాటి యూరోపియన్ ధోరణి ఉంది. పాఠకులు వింతలు కోరారు, అతను వింతలు ఫొటో తీశాడు. వింతలు తీయకపోతే అచ్చు కాదు, అచ్చు కాకపోతే ఇంటికి డబ్బు పోదు. వలస పాలనను తిట్టిన వాక్యం, ఆఫ్రికన్లను ప్రదర్శనకు పెట్టిన ఫొటో ఒకే పేజీలో ఉండటం ఆ వ్యాపారం లక్షణం. ఇప్పటి అభిమానులు మొదటిదాన్ని మాత్రమే చూపిస్తారు. రెండోదాన్ని కూడా చూస్తేనే మనిషి పూర్తిగా అర్థమవుతాడు.

అగుల్హాస్ చేరాక ఓడ ఎక్కి ఇంటికి వెళ్లిపోవచ్చు. తూర్పు వైపు నుంచి వచ్చినవాడు పడమటి వైపు నుంచి, మళ్లీ భూమార్గానే, తిరిగి వెళ్లాలని నిర్ణయించుకున్నాడు. ఇక్కడ మాత్రం బతుకుతెరువు అనే వివరణ ఒక్కటే సరిపోదు. మలేరియా పట్టి పీడిస్తున్న మనిషి, మూడేళ్లుగా పిల్లలను చూడని మనిషి, మరో రెండేళ్లు ఎందుకు పొడిగించుకున్నాడు? కొత్త దారి అంటే పత్రికలకు కొత్త సరుకు అన్నది ఒక కారణం కావచ్చు. ఖాళీ చేతులతో, నిరుద్యోగం తాండవిస్తున్న దేశానికి తిరిగి వెళ్లి చేసేదేమిటన్నది ఇంకొకటి కావచ్చు. వీటికి మించి, ఆ ఖండం అతన్ని పట్టేసిందని ఒప్పుకోక తప్పదు. అవసరం కోసం బయలుదేరినవాడికి దారిలో వ్యామోహం అంటుకుంది. అదేమీ నేరం కాదు, కాకపోతే దానికి మరియా కూడా మూల్యం చెల్లించింది.

నేటి నమీబియా అయిన నైరుతి ఆఫ్రికాలో సైకిలు ఇక పనికిరాకుండా పోయింది. అక్కడి నుంచి గుర్రాల మీద అంగోలా వైపు సాగాడు. కాంగో నదీ పరీవాహకంలోకి వచ్చాక పడవ సంపాదించి కసాయ్ నది మీద ప్రయాణించాడు. మొదటి పడవకు తన ఊరు పోజ్నాన్ పేరు పెట్టుకున్నాడు. అది దారి పొడవునా నిలవలేదు. తర్వాతి పడవకు భార్య ముద్దుపేరు మరిష్ అని పెట్టాడు. ఆ జలమార్గం కాంగో నదిలో కలిసి లియోపోల్డ్‌విల్, అంటే నేటి కిన్‌షాసా, చేరుతుంది. అదే కాంగో మీద 1890లో మరో పోలండ్ సంతతి నావికుడు స్టీమరు ఎక్కి ఎగువకు పోయాడు. జోసెఫ్ కాన్రాడ్ పేరుతో ఇంగ్లిష్ సాహిత్యంలో స్థిరపడిన అతను ఆ అనుభవాన్ని నవలికగా మలిచి ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. కాన్రాడ్ ఆ నది మీద గడిపింది కొన్ని నెలలే. అతని రచనలో ఆఫ్రికన్లకు నోరు దాదాపు లేదు. నోవాక్ రాతలు సాహిత్యంగా కాన్రాడ్ ముందు నిలబడవు, కానీ వాటిలో ఆఫ్రికన్లు మాట్లాడతారు, అన్నం పెడతారు, బేరమాడతారు, కోపగించుకుంటారు.

ఫ్రెంచి భూమధ్యరేఖా ఆఫ్రికా, చాద్ సరస్సు, ఆపై ఒంటె మీద సహారా. 1936 నవంబరులో అల్జీర్స్ చేరాడు. మధ్యధరా సముద్రం దాటి, ఫ్రాన్సు మీదుగా, ఆ ఏడాది చివరికి పోజ్నాన్ వచ్చాడు.

అతను వచ్చేసరికి దేశం వలస రాజ్యాల కలల్లో తేలుతోంది. ఈ కలకు చాలా పాత చరిత్రే ఉంది. 1882లో స్తెఫాన్ షోల్త్స్ రొగొజిన్‌స్కీ అనే యువకుడు ఫ్రాన్సులోని లె హావ్ర్ రేవు నుంచి చిన్న ఓడ వేసుకుని కామెరూన్ వెళ్లి, మొండోలే అనే దీవిని స్థానిక నాయకుడి దగ్గర కొన్నాడు. సొంత దేశమే లేని పోలండ్ వాళ్లకు అక్కడ ఒక నెలవు ఏర్పాటు చేయాలనుకున్నాడు. రెండు మూడేళ్లలో జర్మనీ వచ్చి కామెరూన్‌ను ఆక్రమించుకుంది, దీవి ఆశ ముగిసింది. 1930లలో అదే కోరిక ప్రభుత్వ విధానంగా మారింది. సముద్ర, వలస సంఘం అనే సంస్థలో 1939 నాటికి దాదాపు పది లక్షల మంది సభ్యులున్నారు. 1934లో లైబీరియాతో ఒప్పందం చేసుకుని తోటల పెంపకానికి మనుషులను పంపారు. అది సాగలేదు. 1937లో మెచిస్వావ్ లెపెత్స్కి నాయకత్వంలో ఒక బృందాన్ని మడగాస్కర్ పంపి, పోలండ్‌లోని యూదులను అక్కడికి తరలించవచ్చా అని చూశారు. 123 ఏళ్లు పరాయి పాలనలో నలిగిన దేశం స్వతంత్రం వచ్చి ఇరవై ఏళ్లు కాకముందే వేరే జనాన్ని ఏలాలనుకోవడం చరిత్రలో కొత్తేమీ కాదు. అయినా నోవాక్ కథనాలు చదివిన పాఠకులు కూడా వలస దినోత్సవాల ఊరేగింపుల్లో జెండాలు పట్టుకున్నారంటే, రాసినదాన్ని జనం తమకు కావలసినట్టే చదువుకుంటారని అనుకోవాలి. వాళ్లకు కావలసింది ఆఫ్రికాలో పోలండ్ మనిషి. అక్కడ అతను ఏం చూశాడన్నది కాదు.

నోవాక్ ఫొటోలు తెరమీద చూపిస్తూ ఉపన్యాసాలు ఇచ్చాడు. పోజ్నాన్‌లోని అపోలో సినిమా హాలులో జరిగిన సభ వాటిలో ఒకటి. అప్పటికే శరీరం గుల్ల అయిపోయింది. మలేరియా తిరగబెడుతూనే ఉంది. కాలి ఎముక పొరకు వాపు వచ్చి శస్త్రచికిత్స చేశారు. ఆసుపత్రిలోనే న్యుమోనియా సోకింది. ఎడారులు, మొసళ్ల నదులు దాటి వచ్చిన మనిషి 1937 అక్టోబరు 13న, ఇంటికి చేరి ఏడాది తిరగకముందే, నలభై ఏళ్ల వయసులో చనిపోయాడు.

ఆ తర్వాత అతను పూర్తిగా మరుపున పడ్డాడు. ఎందుకన్నది ఆలోచించదగ్గ ప్రశ్న. అదే పోజ్నాన్‌లో, అతనికంటే రెండేళ్ల ముందు పుట్టిన అర్కాడీ ఫీడ్లర్ కూడా యాత్రా రచయితే. అమెజాన్ మీద రాసిన పుస్తకం 1935లో వచ్చి ఊపేసింది. మడగాస్కర్ బృందంతోపాటు వెళ్లిందీ అతనే. ముప్పైకి పైగా పుస్తకాలు రాశాడు. 1985 వరకు బతికాడు. పోజ్నాన్ పక్కన పుష్చికోవోలో అతని ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఫీడ్లర్ ప్రతిభావంతుడే, అందులో సందేహం లేదు. కానీ అతని కుటుంబానికి అచ్చు బొమ్మల దిమ్మెలు తయారుచేసే సంస్థ ఉండేది. వెళ్లడానికి, వచ్చాక కూర్చుని రాయడానికి, పుస్తకం వేయడానికి వెసులుబాటు ఉంది. నోవాక్‌కు వచ్చాక కూర్చునే సమయమే దొరకలేదు. అతని రచన అంతా వారపత్రికల్లో చెల్లాచెదురుగా ఉండిపోయింది. వారపత్రిక ఆయుష్షు వారమే. పుస్తకంగా కుట్టని రచనను గ్రంథాలయం సూచికలో వెతికినా దొరకదు. దానికి తోడు 1939లో జర్మనీ పోజ్నాన్ ప్రాంతాన్ని నేరుగా తనలో కలిపేసుకుంది. పోలిష్ పత్రికలు మూతబడ్డాయి, కుటుంబాలను ఇళ్ల నుంచి వెళ్లగొట్టారు. అటువంటి ఆరేళ్లలో ఎవరి సేకరణలు ఎక్కడ పోయాయో చెప్పలేని స్థితి. నెగటివ్‌లు కొన్నయినా మిగిలాయంటే అది కుటుంబం పుణ్యమే. కూతురు ఎల్జ్‌బియెతా వాటిని కాపాడి, 1962లో ఒక ఫొటోల పుస్తకం వేయించింది. అది కూడా పెద్దగా కదలలేదు.

కదిలించినవాడు వూకాష్ వియెజ్బిట్స్కి. పోజ్నాన్ ప్రాంతపు యువకుడు. సైకిలు మీద ఆఫ్రికా చుట్టిన మనిషి ఒకడుండేవాడని తాత నోట విని, ఎక్కడా పుస్తకం దొరకక, పాత పత్రికల కట్టలు తిరగేశాడు. ఒక్కొక్క కథనాన్ని వెతికి, ఏరి, వరసపెట్టి 2000లో పుస్తకంగా తెచ్చాడు. రచయిత చనిపోయిన 63 ఏళ్లకు అతని మొదటి యాత్రా గ్రంథం వెలువడిందన్నమాట. ఆ పుస్తకం మళ్లీ మళ్లీ అచ్చయింది, పిల్లల కోసం వేరే కథగా కూడా వచ్చింది. 2006 నవంబరులో పోజ్నాన్ రైల్వే స్టేషన్‌లో నోవాక్ స్మారక ఫలకాన్ని ప్రసిద్ధ పోలిష్ విలేకరి, రచయిత రిషార్డ్ కపుశ్చిన్‌స్కీ ఆవిష్కరించాడు. రెండు నెలలకే, 2007 జనవరిలో, కపుశ్చిన్‌స్కీ కూడా కన్నుమూశాడు.

ఆ పనికి కపుశ్చిన్‌స్కీని పిలవడం సబబుగానే ఉంది, పోల్చి చూడటానికీ పనికొస్తుంది. అతను 1956లో తొలిసారి యూరప్ దాటి వచ్చింది భారతదేశానికే. ఆ తర్వాత పోలండ్ ప్రభుత్వ వార్తా సంస్థ విలేకరిగా ఆఫ్రికాలో వలస పాలనలు కూలిపోవడం కళ్లారా చూశాడు. అతనికీ డబ్బు తక్కువే. పాశ్చాత్య విలేకరుల హోటళ్లలో దిగే స్తోమత లేక సామాన్యుల మధ్య ఉన్నాడు, దాన్నే తన రచనకు బలంగా మార్చుకున్నాడు. కానీ అతనికి నెలజీతం ఉంది, వెనక సంస్థ ఉంది. కొన్ని చోట్ల వాస్తవానికి కల్పన జోడించాడని 2010లో వెలువడిన జీవితచరిత్ర చర్చకు తెచ్చింది. నోవాక్‌ది సాదా పత్రికా భాష. మెరుపులు తక్కువ, అతిశయోక్తి కూడా తక్కువ. ఈ ఇద్దరిలో గొప్ప రచయిత కపుశ్చిన్‌స్కీ. అయితే, వలస పాలన నడినెత్తిన ఉన్న రోజుల్లో దాని రోడ్ల మీద ఒంటరిగా తిరిగిన సాక్షి మాత్రం నోవాక్.

2009 నుంచి 2011 వరకు పోలండ్ యాత్రికులు బృందాలుగా ఏర్పడి, ఒకరి తర్వాత ఒకరు అందుకుంటూ నోవాక్ దారిలో మళ్లీ ప్రయాణించారు. అతను వెళ్లిన చోట్ల స్మారక ఫలకాలు పెట్టుకుంటూ పోయారు. మంచి పనే. కానీ ఫలకాలు కూడా కిలోమీటర్లనే గుర్తు చేస్తాయి. అంతకంటే విలువైనది మరియాకు రాసిన ఉత్తరాలు ఒక సంపుటిగా రావడం. పత్రికలకు పంపిన కథనంలో సింహాల గర్జన ఉంటే, ఇంటికి రాసిన ఉత్తరంలో పారితోషికం ఇంకా అందలేదన్న మాట ఉంటుంది. మొదటిది మాత్రమే చదివినవారికి సాహసి దొరుకుతాడు, రెండోది మాత్రమే చదివినవారికి దిగులుపడే తండ్రి దొరుకుతాడు. ఎవరైనా ఓపిక ఉన్న సంపాదకుడు ఆ కథనాలనూ ఉత్తరాలనూ తేదీల వరసలో కలిపి, అచ్చయిన ఫొటోల పక్కన అచ్చుకు నోచుకోనివి కూడా చేర్చి వేస్తే, రెండు యుద్ధాల నడుమ యూరప్ పత్రికలకు ఆఫ్రికా ఎలా అమ్ముడుపోయిందో, అమ్మినవాడి చేతికి ఎంత వచ్చిందో ఒకే పుస్తకంలో చదువుకోవచ్చు.